చెయ్యి చాచి అప్పజెప్పిన నవల

పదకొండో తరగతి ఇంగ్లీషు క్లాసులో నాలుగో అధ్యాయం మొదలుపెట్టే ముందు మా టీచరు పుస్తకం మూసి, క్లాసు మొత్తాన్ని ఒకసారి చూసింది.

"ఇందులో ఒక తండ్రి కొడుకుని కొట్టే దృశ్యం ఉంది. చాలా వివరంగా ఉంటుంది. వినడం కష్టమనిపిస్తే లేచి బయటికి వెళ్ళొచ్చు. ఎందుకని నేను అడగను."

ఎవరూ లేవలేదు. నాకు మాత్రం ఆశ్చర్యమేసింది. దెబ్బలు కష్టంగా ఉంటే లేచి వెళ్ళిపోవచ్చన్న సంగతి నాకు అప్పటివరకూ తెలియదు.

ఆ ఏడాది మాకు అమెరికన్ సాహిత్యం. అందులో ఒక నవల. పత్తి చేలను కౌలుకు చేసే ఒక తండ్రి, మాట్లాడని తల్లి, పదిహేనేళ్ళ కొడుకు, ఒక ముసలి కంచరగాడిద. పత్తి మిల్లు దగ్గర భూస్వామి మనిషి అందరి ముందూ తండ్రిని చెంపమీద కొడతాడు. తండ్రి తల దించుకుని ఇంటికి వస్తాడు. గోడకి వేలాడుతున్న గాడిద జీను పట్టీ తీసి కొడుకుని కొడతాడు. నవల నిండా ఇదే మళ్ళీ మళ్ళీ జరుగుతుంది. చివరి అధ్యాయంలో, కొట్టంలో, కొడుకు ఆ పట్టీ లాక్కుని తండ్రిని కొడతాడు. అక్కడితో పుస్తకం అయిపోతుంది.

నాలుగో అధ్యాయాన్ని ఒక కుర్రాడు పైకి చదివాడు. మొదట్లో దక్షిణాది అమెరికన్ యాసలో వెక్కిరిస్తూ చదివాడు. రెండో పేజీకి వచ్చేసరికి యాస మానేశాడు. నా పక్క బెంచీలో అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను ఒక వాక్యం కింద పెన్సిలుతో గీత గీశాను. తోలు ముందు గాలిలో ఈల వేస్తుందనీ, దెబ్బ ఆ తర్వాత వస్తుందనీ, ఆ రెండింటి మధ్య ఉన్న ఖాళీయే అసలు నొప్పి అనీ రాశాడు ఆ రచయిత. ఈయన దెబ్బలు తిన్నవాడే అనుకున్నాను. నమ్మకం కలిగింది.

"ఆ తండ్రి సైకో," అన్నారెవరో.

"పోలీసులకి ఫోన్ చెయ్యొచ్చుగా?"

"పత్తి చేలో నీకు సిగ్నల్ వస్తుందా?"

నవ్వారు. టీచరు నవ్వలేదు. "సైకో అని ఏ పేజీలో ఉంది?" అంది. అది ఆమె అలవాటు. క్లాసులో ఎవరు ఏమన్నా వెంటనే "ఏ పేజీ?" అనేది. పేజీ చూపించలేని మాటకు మార్కులు ఉండవు. చల్లారిపోయిన కాఫీ కప్పు చేత్తో పట్టుకుని, స్పోర్ట్స్ షూస్‌తో బెంచీల మధ్య తిరుగుతూ ఏడాదంతా అదే అడిగింది. నన్ను ఎప్పుడూ అడగలేదు. నేను నోరు విప్పితే కదా.

ఆ తండ్రి గురించి నాకూ ఒక అభిప్రాయం ఉండేది కానీ చెప్పలేదు. అతను చాలా నిర్లక్ష్యంగా కొడతాడు. ఎక్కడ తగులుతుందో చూడడు. మా అమ్మ అలా కాదు.

మా అమ్మ ఖమ్మంలో ఒక ప్రైవేటు స్కూల్లో పన్నెండేళ్ళు సోషల్ చెప్పింది. ఆ స్కూలు గుర్తుగా ఆమె కెనడాలోని స్కార్‌బరోకి తెచ్చుకున్న వస్తువు ఒకటే. అడుగు పొడవు చెక్క స్కేలు, ఒక అంచుకి సన్నటి ఇత్తడి రేకు. ఇక్కడ ఆమెకు రొట్టెల ఫ్యాక్టరీలో పని దొరికింది. బెల్టు మీద వచ్చే బన్నుల్ని ట్రేలలో సర్దాలి. పొద్దున ఆరింటికి మొదలై మధ్యాహ్నం రెండింటికి అయిపోయేది. రెండు బస్సులు మారి మూడున్నరకి ఇల్లు చేరి, స్నానం చేసి, జుట్టు ముడివేసుకుని, ఐదింటికి కిచెన్ టేబులు దగ్గర కూర్చునేది. ఆ ఐదింటికి ఆమె మళ్ళీ టీచరయ్యేది.

నాన్నకి గంటన్నర దూరంలో ఉన్న కిచెనర్ అనే ఊళ్ళో ఒక కంపెనీలో పని. వారమంతా అక్కడే రూములో ఉండి శుక్రవారం సాయంత్రం వచ్చేవాడు. శని, ఆదివారాలు స్కేలు బీరువా మీదికి వెళ్ళేది. "చేతులేందే గట్లున్నయ్?" అని అడిగేవాడు. "చలికి పగిలాయి నాన్నా," అనేదాన్ని. కొబ్బరినూనె రాసుకోమనేవాడు.

అమ్మ పద్ధతి ఇది. పాఠం అప్పజెప్పేటప్పుడు కుడిచెయ్యి చాచి ఉంచాలి. అరచెయ్యి పైకి. స్కేలు దానికి జానెడు ఎత్తున గాలిలో ఉంటుంది. తప్పు చిన్నదైతే అరచేతి మీద బల్లపరుపుగా పడుతుంది. తప్పు పెద్దదైతే "తిప్పు" అంటుంది. చెయ్యి తిప్పితే వేళ్ళ కణుపుల మీద ఇత్తడి అంచు పడుతుంది. చెయ్యి వెనక్కి లాగితే పాఠం మళ్ళీ మొదటినుంచి. తొమ్మిదేళ్ళకి ఈ దేశం వచ్చిన నాకు తెలుగు మరిచిపోకుండా నేర్పింది ఇలాగే. ఈ వాక్యాలు రాస్తున్న చేతికి ఒత్తులు, గుణింతాలు అలాగే వచ్చాయి.

నవల మీద మొదటి వ్యాసానికి నాకు యాభై ఎనిమిది వచ్చింది. కింద టీచరు ఇలా రాసింది: "చక్కగా రాశావు. కానీ ఇందులో నీ అభిప్రాయం ఎక్కడ?"

అమ్మ ఆ కాగితాన్ని లైటు కింద పెట్టి చదివింది.

"అభిప్రాయం అడుగుతున్రంటే అది సిలబస్‌లో ఉన్నట్టే కదనే. ఎందుకు రాయలే?"

"మనమే ఆలోచించి రాయాలమ్మా."

"నువ్వు ఆలోచిస్తే యాభై ఎనిమిది వచ్చింది. అభిప్రాయం కూడా గైడ్‌లో ఉంటది. మంచిది చూసుకుని బట్టీ పడితే అదే నీదైతది. ఇంజనీర్లంతా ఎట్లా అయ్యిన్రనుకున్నవ్?"

తర్వాతి పరీక్షకి టీచరు మూడు ప్రశ్నలు ముందే ఇచ్చింది. వాటిలో ఒకటి క్లాసులోనే, ఏమీ చూడకుండా రాయాలి. అమ్మ ఇంటర్నెట్‌లో మూడింటికీ జవాబులు వెతికింది. లాంగ్ నోట్‌బుక్‌లో నీలం పెన్నుతో రాసి, ముఖ్యమైన మాటల కింద ఎర్రగీతలు కొట్టింది. ఆమె ఇంగ్లీషు అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి. పది రోజులు ఐదింటికి నేను చెయ్యి చాచాను.

మూడో ప్రశ్న చివరి అధ్యాయం గురించి. కొడుకు పట్టీ లాక్కుని తండ్రిని కొట్టడం గెలుపా, ఓటమా? దానికి రెండు పేజీల జవాబు. అందులో ఇన్‌హెరిటెన్స్ అనే మాట ఉన్న వాక్యం ఒకటి నాకు ఎప్పుడూ తప్పిపోయేది. తండ్రి చేతినుంచి కొడుకు చేతికి పట్టీ ఎలా వచ్చిందో, హింస కూడా అలాగే వారసత్వంగా వస్తుందని ఆ వాక్యం. ఎందుకో అక్కడికి రాగానే నాలుక మడతపడేది. ఆరో రోజు ఆ ఒక్క వాక్యం దగ్గరే అమ్మ నాలుగుసార్లు "తిప్పు" అంది. నాలుగోసారికి మధ్యవేలి కణుపు చిట్లి రక్తం నోట్‌బుక్ మీద పడింది. అమ్మ లేచి పసుపు తెచ్చి అద్దింది. నోట్‌బుక్ మీది చుక్కని టిష్యూతో ఒత్తింది. కూర్చుంది.

"మళ్ళీ మొదట్నుంచి."

నాకు చిన్నప్పటినుంచీ డైరీ రాసే అలవాటు. ఆ రోజు పేజీలో ఒకే వాక్యం ఉంది: "ఈరోజు చలి, మైనస్ పద్నాలుగు." డైరీలో కూడా నేను మర్యాదగానే ఉన్నాను.

పరీక్షలో మూడో ప్రశ్నే వచ్చింది. పెన్ను కాగితం మీద పెట్టాను. చెయ్యి దానంతట అది రాసుకుపోయింది.

నాలుగు రోజుల తర్వాత క్లాసు అయిపోయాక టీచరు నన్ను ఉండమంది. అందరూ వెళ్ళాక రెండు కాగితాలు నా ముందు పెట్టింది. ఒకటి నాది. ఇంకోటి ఇంటర్నెట్ నుంచి ప్రింట్ తీసినది.

"ఇది నీకు ఎక్కడ దొరికింది?"

నేను రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూశాను.

"ఒక్క మాట తేడా లేదు. కామాలు కూడా. పరీక్షలో ఫోన్ చూశావా?"

"లేదు మిస్."

"నువ్వు ఇలాంటి పని చేస్తావని నేను అనుకోలేదు. నిజం చెబితే మళ్ళీ రాయనిస్తాను. చెప్పకపోతే సున్నా, ఇంటికి ఉత్తరం."

ఇంటికి ఉత్తరం. కాపీ కొట్టిందని. అమ్మకి ప్రపంచంలో అన్నిటికన్నా అసహ్యం కాపీ. ఖమ్మంలో చిట్టీ పెట్టి రాసిన ఒక పిల్లాణ్ణి ఆమె చెంపమీద కొడితే చెవిలోంచి రక్తం వచ్చింది. ఆ సంగతి ఆమె మాకు గర్వంగా చెప్పేది. "మళ్ళీ జన్మల కాపీ కొట్టలే వాడు," అనేది. ఆ ఉత్తరం ఇంటికి వెళితే నాకేమవుతుందో తెలుసు. వెళ్ళకుండా ఉండాలంటే ఆ రెండు పేజీలు నా తలలోకి ఎలా వచ్చాయో చెప్పాలి. చెబితే అమ్మకేమవుతుందో తెలియదు. నేను దొంగనన్నా కావాలి, అమ్మ నేరస్తురాలన్నా కావాలి. మూడో దారి ఒకటి ఉందనిపించింది.

"బట్టీ పట్టాను మిస్. కావాలంటే అప్పజెప్తాను."

ఆమె నమ్మలేదు. "రెండు పేజీలా?"

నేను లేచి నిలబడి మొదలుపెట్టాను. మొదటి పేరా, రెండో పేరా. గొంతు ఎక్కడా ఆగలేదు. ఏడాది మొత్తంలో నేను ఆ గదిలో అంతసేపు మాట్లాడింది అదొక్కసారే. టీచరు వేలితో ప్రింటు మీద వాక్యాలు అనుసరిస్తూ వచ్చింది. తర్వాత ఆమె వేలు ఆగిపోయింది. కాగితం వదిలేసి నన్ను చూస్తోంది. ఇన్‌హెరిటెన్స్ దగ్గరికి వచ్చాను. తప్పకుండా చెప్పేశాను. హాయిగా అనిపించింది.

"నీ చెయ్యి ఎందుకు అలా పెట్టావు?" అంది.

కిందికి చూశాను. నా కుడిచెయ్యి ఆమె ముందు చాచి ఉంది, అరచెయ్యి పైకి. ఆ మాట దగ్గర వేళ్ళు ముడుచుకుపోయి ఉన్నాయి. కణుపులు కనబడకుండా వేసుకుంటున్న గ్లవ్స్ తీసి బ్యాగులో పెట్టుకున్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుని, ముట్టుకోకుండా, కణుపుల్ని చూసింది. చాలాసేపు చూసింది.

"ఇది నేను నాలోనే ఉంచుకోవడానికి వీల్లేదు. పిల్లల రక్షణ ఆఫీసుకి ఫోన్ చెయ్యాలి. అది నా ఉద్యోగంలో రూలు."

"కాపీ కొట్టాను మిస్," అన్నాను. "ఫోన్ చూసి రాశాను. సున్నా వేసెయ్యండి. ఉత్తరం పంపండి."

"ఇప్పుడే రెండు పేజీలు చూడకుండా చెప్పావు కదమ్మా," అంది ఆమె. ఇంగ్లీషులోనే అంది. కానీ నాకు ఆ మాట ఇప్పటికీ తెలుగులోనే గుర్తుంది.

మర్నాడు నాలుగింటికి ఆ ఆఫీసు నుంచి ఒకావిడ మా ఇంటికి వచ్చింది. పొద్దున స్కూల్లోనే నన్ను విడిగా కూర్చోబెట్టి మాట్లాడింది ఆవిడే. చిన్న వయసు, తడి బూట్లు గుమ్మం దగ్గరే విప్పి లోపలికి వచ్చింది. అమ్మ జంతికలు, టీ పెట్టింది. ఫోన్లో తెలుగు మాట్లాడే మనిషిని పెట్టిస్తానని ఆవిడ అంటే, "నో. ఐ నో ఇంగ్లీష్," అంది అమ్మ.

"అమ్మాయిని కొడతారా?"

నేను టేబులు అంచు పట్టుకున్నాను. అమ్మ లేదంటే చాలు. లేదంటుందనే అనుకున్నాను.

"యెస్," అంది అమ్మ. లేచి స్కేలు తెచ్చి టేబులు మీద పెట్టింది. "ఐ యామ్ టీచర్. ట్వెల్వ్ ఇయర్స్. ఆల్ మై స్టూడెంట్స్ గుడ్ పొజిషన్."

ఆవిడ స్కేలుని ఫోటో తీసుకుంది. నా చేతుల్ని కూడా ఫోటో తీసింది. ఇక్కడ వస్తువుతో పిల్లల్ని కొట్టడం నేరమనీ, మళ్ళీ ఒక్కసారి జరిగినా కోర్టు దాకా వెళ్తుందనీ, నన్ను వేరేచోట ఉంచాల్సి రావచ్చనీ నెమ్మదిగా చెప్పింది. ఇకమీదట కొట్టనని ఒక కాగితం మీద సంతకం అడిగింది. అమ్మ ఆ కాగితం మొత్తం చదివి, ముత్యాల్లాంటి అక్షరాలతో సంతకం పెట్టింది. వచ్చే వారం మళ్ళీ వస్తానని ఆవిడ వెళ్ళిపోయింది. జంతికలు ముట్టలేదు.

అమ్మ ఫోన్లో నాన్నకి చెబుతుంటే విన్నాను. "ఎందుకు ఒప్పుకున్నవే?" అని ఆయన అరుస్తున్నాడు. "అబద్ధమాడమంటవా ఆఫీసరు ముందు?" అంది అమ్మ.

పరీక్ష సోమవారం మళ్ళీ రాయాలి, అదే ప్రశ్న, సొంత మాటల్లో. గురువారం ఐదింటికి అమ్మ జుట్టు ముడివేసుకుని టేబులు దగ్గరికి వచ్చింది. లాంగ్ నోట్‌బుక్ తెరిచింది. స్కేలు చేతిలో ఉంది.

"సొంతంగా రాయమన్నారమ్మా."

"సొంతంగనే రాయి. ముందు ఇది మంచిగ రానీ. వచ్చినోళ్ళకే సొంతం వస్తది. చెప్పు."

నేను అప్పజెప్పడం మొదలుపెట్టాను. చెయ్యి చాచాను. ఎవరూ చాచమనలేదు. మూడో పేరాలో ఒక మాట తప్పాను.

స్కేలు ఈల వేసింది. పడింది నా చేతిమీద కాదు. అమ్మ తన ఎడమ అరచేతిని చాచి దానిమీద కొట్టుకుంది.

"అమ్మా!"

"నిన్ను ముట్టుకోనని సంతకం పెట్టిన. నన్ను ముట్టుకోనని పెట్టలే. చెప్పు."

నేను మొదలుపెట్టాను. మళ్ళీ తప్పాను. మళ్ళీ కొట్టుకుంది. నన్ను కొట్టేదానికన్నా గట్టిగా కొట్టుకుంటోంది. నా విషయంలో ఎంత గట్టిగా, ఎక్కడ, అని చూసుకునే మనిషి. తన విషయంలో అదేమీ లేదు. నవల్లో తండ్రిలా గుడ్డిగా కొట్టుకుంటోంది.

"నువ్వు తప్పితే నాకు పడతది. ఇప్పుడన్నా వస్తదా చదువు? చెప్పవే!"

"వద్దమ్మా, ప్లీజ్..."

"మొదట్నుంచి!"

మొదటి వాక్యమే రాలేదు. తల మొత్తం ఖాళీ అయిపోయింది. అమ్మ తనంతట తానే చెయ్యి తిప్పింది. ఇత్తడి అంచు ఆమె కణుపుల మీద పడింది, ఒకసారి, ఇంకోసారి. తెగింది. రక్తం వేళ్ళ మధ్యలోంచి జారి ఆమె రాసిన నీలం అక్షరాల మీద పడింది. పసుపు తెచ్చేవాళ్ళు ఎవరూ లేరు. ఆమె ఊపిరి ఎగపోస్తోంది. ఫ్యాక్టరీలో ఎవరు ఏమన్నారో, ఏ బస్సులో ఎవరు ఆమెను ఎలా చూశారో నాకు తెలియదు. అన్నీ ఆ చేతిలోకి దిగినట్టు కొట్టుకుంటోంది. నేను స్కేలు పట్టుకుని లాగాను. ఆమె వదల్లేదు. మెలిపెట్టి లాగాను. వచ్చేసింది.

అక్కడ ఆగి ఉంటే ఇది ఇంకోలా రాసేదాన్ని.

ఆమె కుడిచెయ్యి మళ్ళీ స్కేలు కోసం ముందుకు వచ్చింది. అంచు తిప్పి ఆ మణికట్టు మీద కొట్టాను. ఎముక చప్పుడు వినిపించింది. మొదటి దెబ్బ ఆమెను ఆపడానికే అని డైరీలో చాలాసార్లు రాసుకున్నాను. రెండో దెబ్బకి కారణం ఏమీ దొరకలేదు. మూడోదానికి నేను ఏదో అరుస్తున్నాను. తెలుగో ఇంగ్లీషో గుర్తులేదు.

అమ్మ చెయ్యి వెనక్కి లాగలేదు.

అలాగే చాచి ఉంచింది, అరచెయ్యి పైకి, నావైపు చూస్తూ. చెయ్యి వెనక్కి లాగితే మళ్ళీ మొదటినుంచి అన్న రూలు ఆమెకూ ఎవరో నేర్పారని నాకు అప్పుడు తెలిసింది. స్కేలు కింద పడేశాను.

మర్నాడు మణికట్టుకి స్కార్ఫ్ చుట్టుకుని ఆమె పనికి వెళ్ళింది. ట్రే ఎత్తలేకపోతే సూపర్‌వైజరు క్లినిక్‌కి పంపాడట. ఎముకకి సన్నటి చీలిక, ఆరు వారాలు పట్టీ. సాయంత్రం నాన్న వచ్చి అడిగితే, "బస్టాపు దగ్గర మంచు మీద జారిన," అంది నావైపు చూడకుండా. ఆ శనాదివారాలు నాన్న అందరికీ నూడుల్స్ వండాడు.

సోమవారం టీచరు నన్ను లైబ్రరీ మూల గదిలో కూర్చోబెట్టి, నవల కూడా చేతికిచ్చి, గంట టైమిచ్చింది. చివరి అధ్యాయం తెరిచాను. కొడుకు పట్టీ లాక్కున్న చోట రచయిత ఇలా రాశాడు: ఆ పట్టీ అతని చేతిలో ఎంతో బరువుగా అనిపించింది, తరతరాల బరువు ఉన్నట్టు. మొదటిసారి చదివినప్పుడు ఆ వాక్యం కింద కూడా నేను గీత గీసి ఉన్నాను. ఆ గీతని రబ్బరుతో చెరిపేశాను.

తర్వాత రాశాను. దెబ్బ తినడం గురించి ఈ రచయితకి బాగా తెలుసు, కొట్టడం గురించి తెలియదు అని రాశాను. పట్టీ బరువుగా ఉండదు. తేలిగ్గా ఉంటుంది. ఎంత తేలిగ్గా ఉంటుందంటే రెండోసారి ఎత్తడానికి ఆలోచించాల్సిన పని ఉండదు. అది గెలుపా ఓటమా అన్నది కొట్టేటప్పుడు గుర్తుకే రాదు. ఒకటిన్నర పేజీ వచ్చింది. ఎర్రగీత కొట్టదగ్గ మాట ఒక్కటీ లేదు.

బుధవారం నాలుగింటికి ఆఫీసు ఆవిడ మళ్ళీ వచ్చింది. గుమ్మంలోనే అమ్మ చేతి పట్టీ చూసింది.

"ఏమైంది?"

అమ్మ నిటారుగా కూర్చుంది. "లాస్ట్ ఫ్రైడే మార్నింగ్. బస్ స్టాప్. టూ మచ్ ఐస్. ఐ ఫెల్ డౌన్ ఆన్ మై రైట్ హ్యాండ్. నౌ ఇట్ ఈజ్ బెటర్. థాంక్యూ."

ఎక్కడా తడబడలేదు. ఆమె అంత శుభ్రంగా ఇంగ్లీషు మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. వాక్యానికీ వాక్యానికీ మధ్య సరిగ్గా ఒకే విరామం. బట్టీ పట్టింది. రెండు బస్సుల్లో, బన్నుల బెల్టు ముందు, ఎన్నిసార్లు లోపల్లోపల అప్పజెప్పుకుందో. తన గురించి అబద్ధం ఆడమంటే ఆడని మనిషి నా కోసం ఇన్ని వాక్యాలు బట్టీ పట్టింది.

ఆవిడ నావైపు తిరిగింది. "అంతేనా?"

అంతే అంటే సరిపోయేది. అమ్మ కళ్ళు అదే చెబుతున్నాయి. ఒక్క మాట. కానీ ఆ పది రోజుల్లో నా నోట్లోంచి వచ్చినవన్నీ ఇంకెవరో రాసిచ్చినవే. ఈ మాట కూడా అలాంటిదే అవుతుంది.

"కాదు," అన్నాను. "నేను కొట్టాను. ఆ స్కేలుతో. మూడుసార్లు."

"నోర్ముయ్యవే!" అంది అమ్మ. వెంటనే ఆవిడవైపు తిరిగి, "షీ ఈజ్ టెల్లింగ్ లై. షీ రీడ్స్ టూ మచ్ నవల్స్."

ఆవిడ పెన్ను ఆపి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. అమ్మ ఎడమచేతి కణుపుల్ని చూసింది. ఆ చెక్కులు మంచు మీద పడితే వచ్చేవి కావు. అవి ఎలా వచ్చాయో కూడా చెప్పాను. అమ్మ లేచి కిచెన్‌లోకి వెళ్ళి కుళాయి తిప్పి, ఏమీ కడగకుండా అక్కడే నిలబడింది. ఆవిడ మూడు పేజీలు రాసుకుంది. తను వారానికోసారి రావడం ఇక నెలలపాటు ఉంటుందనీ, ఇద్దరం విడివిడిగా ఒక కౌన్సిలరుతో మాట్లాడాలనీ చెప్పింది. వెళ్ళేటప్పుడు స్కేలు తీసుకెళ్ళమని నేనే అడిగాను. పెద్ద కవర్లో పెట్టుకుని తీసుకెళ్ళింది. కవరులోంచి ఇత్తడి అంచు కొంచెం బయటికి కనిపించింది.

రెండు రోజులు అమ్మ నాతో మాట్లాడలేదు.

శుక్రవారం జవాబు కాగితం తిరిగి వచ్చింది. "పట్టీ తేలిగ్గా ఉంటుంది" అన్న వాక్యం పక్కన టీచరు ఎర్రపెన్నుతో "ఏ పేజీ?" అని మొదలుపెట్టి, ఆ మాట కొట్టేసింది. దాని పక్కన ఇంకేమీ రాయలేదు. డెబ్బై ఒకటి వేసింది. క్లాసు అయ్యాక నన్ను ఆపలేదు. నేను తలుపు దాటేటప్పుడు మాత్రం కాఫీ కప్పు కొంచెం పైకెత్తింది.

ఐదింటికి టేబులు మీద ఆ కాగితం పెట్టాను. అమ్మ వచ్చింది. ఒక చేత్తో జుట్టు ముడివేసుకోలేక వదిలేసుకుని ఉంది. లైటు కింద పెట్టి ఒకటిన్నర పేజీనీ నెమ్మదిగా చదివింది, పెదవులు కదుపుతూ. ఒకచోట ఆగి, మళ్ళీ వెనక్కి వెళ్ళి చదివింది.

"ఇదేడ దొరికిందే నీకు?"

"ఎక్కడా దొరకలేదు. నేనే రాశాను."

"డెబ్బై ఒకటా?"

"ఊఁ."

"ఇరవై తొమ్మిది పోయినయ్."

నేనేమీ అనుకోకుండానే నా కుడిచెయ్యి లేచి ఆమె ముందు చాచుకుంది. నేను చూసేసరికే అది అక్కడ ఉంది. అమ్మ కూడా చూసింది. వెనక్కి తీసుకోవడం నాకు చేతకాలేదు. తీసుకోమని ఆమె అనలేకపోయింది.

తర్వాత ఆమె ఎడమచేత్తో జవాబు కాగితాన్ని నా అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది. కణుపుల మీద ఎండిన చెక్కులు నా వేళ్ళకి గరుగ్గా తగిలాయి.

"వెల్లుల్లి ఒలిచిపెట్టు," అంది. "నాకు ఒక చేత్తో రాట్లే."